భూమిలో పాతిన వేడినీటి పైపుల జాయింట్లు: సంఘాలు తీసుకోవలసిన జాగ్రత్తలు



పాల నాణ్యత అనగానే మనం పశువుల ఆరోగ్యం గురించి, మేత గురించి, పాలు పితికే చేతుల శుభ్రత గురించి మాట్లాడుకుంటాము. అది సబబే. అయితే పాలు పోసే క్యాన్లను, పాలు చల్లబరచే ట్యాంకును ప్రతిపూటా కడగడానికి కావలసిన వేడినీరు ఎక్కడినుంచి వస్తున్నదో, ఏ దారిన వస్తున్నదో చాలామంది పట్టించుకోరు. బయట ఆవరణలో కట్టెల బాయిలరో, సోలార్ హీటరో ఉంటుంది. అక్కడినుంచి పాలగదికి పైపు భూమిలోనుంచి వస్తుంది. ఆ పైపును ఒకసారి పూడ్చిన తరువాత మళ్లీ దాని మాట ఎవరికీ గుర్తుండదు. ఈ వ్యాసంలో ఆ మరచిపోయిన పైపు గురించి, ముఖ్యంగా దాని జాయింట్ల గురించి తెలియజేయదలచినాము.

ఒక సంఘంలో జరిగిన సంగతి

కొంతకాలం క్రితం ఒక వర్షాకాలంలో ఒక శీతలీకరణ కేంద్రం నుంచి మాకు కబురు వచ్చింది. చుట్టుపక్కల గ్రామాల సంఘాలు అక్కడ పాలు పోస్తాయి. మిథిలీన్ బ్లూ పరీక్షలో ఆ పాల రంగు మునుపటికంటే చాలా త్వరగా పోతున్నది. రెండుసార్లు ట్యాంకరు పాలు వెనక్కు వచ్చినవి. ఆ పదిహేను రోజుల బిల్లులో సభ్యులందరికీ కోత పడింది. అర లీటరు పోసేవారికి, పది లీటర్లు పోసేవారికి కూడా తప్పలేదు.

కోత పడినప్పుడు తప్పు ఎవరిదన్న మాట రాక మానదు. ఒక ఊరివారు మరొక ఊరి పాలు మంచివి కావన్నారు. చివరకు అందరి చూపూ ట్యాంకు కడిగే కూలీ మీద పడింది. ఆమె భర్త పోయిన మనిషి, ఆ జీతం మీదనే ఇల్లు నడుస్తున్నది. "సోడా సరిగా వేయడం లేదు, తొందర తొందరగా కడిగి వెళ్లిపోతున్నది" అన్నారు. ఆమెను మాన్పించాలని పాలకవర్గం తీర్మానం కూడా రాసుకున్నది.

మేము వెళ్లి ముందుగా పాలు చూడలేదు, మనుషులను అడగలేదు. పాల థర్మామీటరు తీసుకొని బాయిలరు దగ్గర నీటి వేడి చూసినాము. 74 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నది. 40 మీటర్ల దూరంలో పాలగది కుళాయి దగ్గర చూస్తే 58 డిగ్రీలే వచ్చింది. ధార కూడా సన్నగా ఉన్నది. దారిలో 16 డిగ్రీలు ఎక్కడో పోతున్నవి. ఆవరణలో నడుస్తూ చూస్తే ఒకచోట నేల మెత్తగా, గోరువెచ్చగా తగిలింది. బాయిలరు ఆర్పి, పైపు చల్లారిన తరువాత తవ్వించినాము. అడుగున్నర లోతులో ఒక ఎల్బో, దానికి చుట్టిన గోనెపట్టా, దాని చుట్టూ బురద కనిపించినవి. గోనె కుళ్లిపోయి నీటిని పీల్చుకొని ఉన్నది. ఎల్బోలోకి దిగిన పైపు మర దగ్గర తుప్పు తిని సన్నని చీలిక వచ్చింది.

ఆమె కడగడంలో లోపమేమీ లేదు. లోపం మట్టికింద ఉన్నది. తరువాతి సమావేశంలో పాలకవర్గం తన తీర్మానాన్ని రద్దు చేసి, ఆ సంగతిని మినిట్సులో రాసింది. అయితే అప్పటికే కోత పడిన సొమ్ము సభ్యులకు తిరిగి రాలేదు. ఆమె పడిన మాట కూడా తిరిగి రాదు.

16 డిగ్రీలకే ఇంత నష్టమా?

పాలలోని వెన్న సుమారు 40 డిగ్రీల లోపల పూర్తిగా కరుగుతుంది. అంతకంటే చల్లబడితే తిరిగి గట్టిపడి స్టీలుకు అంటుకుంటుంది. ట్యాంకులో పాలు 4 డిగ్రీల దగ్గర నిలవ ఉంటాయి. పాలు తీసిన వెంటనే ఆ ట్యాంకు గోడలు కూడా అంత చల్లగానే ఉంటాయి. ముందుగా మామూలు నీటితో పాలు పోయేటట్లు కడిగి, తరువాత సోడా కలిపిన నీటిని సుమారు 70 డిగ్రీల వేడితో తిప్పమని మనం చెప్పుకుంటున్నది ఇందుకే. మొదలే 58 డిగ్రీలున్న నీరు ఆ చల్లని గోడలకు తగిలి, వాల్వుల గుండా తిరిగి, చివరకు వచ్చేసరికి వెన్న కరిగేటంత వేడి దానిలో మిగలదు. కంటికి ట్యాంకు మెరుస్తూనే ఉంటుంది. కాని గాస్కెట్ల కింద, అడుగు వాల్వులో జిడ్డు పొర నిలిచిపోతుంది. సూక్ష్మజీవులు అక్కడే పెరిగి మరుసటి పూట పాలలో కలుస్తాయి.

ఇక కట్టెల ఖర్చు చూద్దాము. 200 లీటర్ల నీటిని 28 డిగ్రీలనుంచి 73 డిగ్రీలకు కాచడానికి 9,000 కిలోకేలరీలు కావాలి. ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలోకేలరీలు ఇస్తుంది. అందులో సగం నీటికి చేరుతుందనుకుంటే దాదాపు 5 కిలోల కట్టె కావాలి. దారిలో 16 డిగ్రీలు పోతే రోజుకు దాదాపు 2 కిలోల కట్టెను మట్టికి అర్పించినట్లే. ఏడాదికి లెక్క వేస్తే అది 600 కిలోలు దాటుతుంది. కారే నీరు సంగతి వేరే ఉన్నది. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారినా రోజుకు 4 లీటర్లపైనే పోతుంది.

జాయింటే ఎందుకు చెడుతుంది?

పైపు నిడివిలో చెడడం అరుదు. చెడేది జాయింటు దగ్గర. దానికి కారణాలు నాలుగు.

మొదటిది, వేడికి పైపు సాగడం. ఇనుప పైపు 40 మీటర్ల పొడవున్నది 45 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 22 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారితే అంతా తిరిగి ముడుచుకుంటుంది. వేడినీటికి వాడే సీపీవీసీ పైపు స్వేచ్ఛగా వదిలితే అదే దూరంలో 11, 12 సెంటీమీటర్లు సాగుతుంది. రెండు పూటలా కడిగే కేంద్రంలో ఈ సాగడం, ముడవడం ఏడాదికి 730 సార్లు జరుగుతుంది. రెండు వైపులా గట్టిగా బిగించి మధ్యలో మట్టి కూరితే ఆ లాగుడంతా ఎల్బోల మీద, సాకెట్ల మీద పడుతుంది.

రెండవది, నేల కదలడం. నల్లరేగడి నేల వేసవిలో బీటలు వారుతుంది, వానలకు ఉబ్బుతుంది. దానిలో బిగుసుకున్న పైపును అది తనతోపాటు లాగుతుంది. దాని మీదుగా ట్యాంకరు, ట్రాక్టరు వెళ్లితే బరువు తోడవుతుంది. పందికొక్కులు తవ్విన బొరియల వలన పైపు కింద ఆధారం పోయి కుంగుతుంది.

మూడవది, తుప్పు. 25 మిల్లీమీటర్ల మీడియం రకం జీఐ పైపు గోడ మందం 3 మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. దానికి మర కోసినప్పుడు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు లోతు పోతుంది. అనగా మర దగ్గర పైపు సగమే మిగులుతుంది. పైపెచ్చు పైనున్న జింకు పూత కూడా అక్కడ పోతుంది. తడి మట్టి తగిలితే తుప్పు అక్కడే మొదలవుతుంది. 60 డిగ్రీలు దాటిన నీటిలో జింకు పూత ఇనుమును చల్లనీటిలో కాపాడినట్లు కాపాడదు. ఇత్తడి వాల్వును నేరుగా జీఐ పైపుకు బిగించి తడిలో పాతిపెడితే రెండు లోహాల కలయిక వలన ఇనుము మరింత త్వరగా తినబడుతుంది.

నాలుగవది, తడిసిన చుట్టు. పైపుకు చుట్టే ఇన్సులేషను వేడిని ఆపేది దానిలో చిక్కుకొని ఉన్న గాలి వలన. ఆ గాలి స్థానంలో నీరు చేరితే వ్యవహారం తలకిందులవుతుంది. కదలని గాలికంటే నీరు 20 రెట్లకు పైగా వేడిని లాగేస్తుంది. గోనెపట్టా, ఊక, గడ్డి వంటివి పొడిగా ఉన్నంతకాలం కొంత పనిచేసినట్లు కనిపించినా, భూమిలో అవి తడవక మానవు. తడిసిన తరువాత జాయింటుకు రాత్రింబవళ్లు తడిగుడ్డ కట్టినట్లే.

మొదటి సూత్రం: జాయింటును పాతవద్దు

జాయింటును కాపాడే ఉపాయాలలోకెల్లా మంచి ఉపాయం దానిని భూమిలో లేకుండా చేయడమే. కొత్తగా పని చేయించే సంఘాలు ఈ మూడు మార్గాలను వరుసగా ఆలోచించాలి.

పైపును గోడవెంట బ్రాకెట్ల మీద తీసుకొనిపోవడానికి వీలుంటే భూమిలోకి దింపనే వద్దు. ఎండకు, వానకు తట్టుకొనే కవరు వేస్తే చాలు. కారితే వెంటనే కనబడుతుంది.

భూమిలో వేయక తప్పనప్పుడు బాయిలరు నుంచి పాలగది దాకా ఒకే ముక్కగా వేయాలి. లోపల అల్యూమినియం పొర ఉండి చుట్టలుగా దొరికే ప్లాస్టిక్ పైపులు ఇందుకు అనుకూలం. వాటిలో చల్లనీటి రకం, వేడినీటి రకం వేరువేరుగా ఉంటాయి. పైపు మీద అచ్చువేసిన ఉష్ణోగ్రతను చదివి, వేడినీటి రకమైతేనే తీసుకోవాలి. పొలాలకు వాడే మామూలు పీవీసీ పైపును వేడినీటికి ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. అది 60 డిగ్రీల దగ్గరకే మెత్తబడి బలం కోల్పోతుంది, జాయింట్లు ఊడిపోతాయి.

జాయింటు తప్పనిసరి అయితే దానిని మట్టిలో కాక చాంబరులో ఉంచాలి. యూనియన్, వాల్వు, ఇత్తడి ఫిట్టింగు, రెండు రకాల పైపులు కలిసే చోటు, ఇవి ఎప్పుడూ చాంబరులోనే ఉండాలి.

చాంబరు ఎలా కట్టాలి?

రెండడుగుల చదరం ఉంటే మనిషి చెయ్యి, రెంచి ఆడతాయి. ఇటుక గోడ నేలకంటే నాలుగంగుళాలు పైకి లేపాలి. లేకపోతే మొదటి వానకే ఆవరణ నీరంతా దానిలోకి దిగుతుంది. అడుగున కాంక్రీటు వేయకుండా అర అడుగు మందం కంకర పరచాలి, దిగిన నీరు ఇంకిపోతుంది. నేల నీరు ఇంకని రేగడి అయితే చిన్న పైపు పెట్టి పల్లానికి నీరు పోయేటట్లు చూడాలి. పైపు గోడలోనుంచి వెళ్లే చోట సిమెంటుతో బిగించరాదు. పెద్ద పైపు ముక్కను గోడలో పెట్టి, దానిలోనుంచి వేడినీటి పైపును పోనివ్వాలి. అప్పుడే పైపు సాగడానికి, ముడవడానికి చోటు ఉంటుంది. మూత ఒక్క మనిషి ఎత్తగలిగినంత బరువే ఉండాలి. ఎత్తలేని మూతను ఎవరూ ఎత్తరు, లోపల ఏమి జరుగుతున్నదీ ఎవరూ చూడరు.

కందకం తవ్వేటప్పుడు

లోతు అడుగున్నర నుంచి రెండడుగులు చాలు. వాహనాలు దాటే చోట ఇంకా లోతుగా వేసి, సిమెంటు తూము లేదా దళసరి ఇనుప పైపు తొడుగుగా పెట్టాలి. క్యాన్లు కడిగిన నీరు పారే కాలువ, ఇంకుడు గుంత, పెద్ద చెట్ల వేళ్లు ఉన్న వైపు తవ్వరాదు. కరెంటు కేబులును అదే కందకంలో వేయరాదు. పైపును ఎర్తింగుకు వాడరాదు.

అడుగున నాలుగంగుళాల ఇసుక పరచి, పైపు పెట్టి, పైన మరి నాలుగంగుళాల ఇసుక పోయాలి. తవ్విన రేగడి మట్టిని పైపుకు తగలకుండా తీసివేసి ఇసుక గాని, రాళ్లు ఏరిన మొరం గాని నింపాలి. ఇటుక ముక్కలు, గులకరాళ్లు పైపుకు ఆనరాదు. పైపు 100 అడుగులకు ఒక అడుగు చొప్పున చాంబరు వైపుకు వాలుగా ఉండాలి. పొడవైన దారిలో ఒకచోట పైపును పక్కకు తిప్పి మళ్లీ దారిలోకి తెస్తే, సాగుడును ఆ వంపు భరిస్తుంది. ఆ వంపు చుట్టూ మట్టిని దిమ్మిసతో గట్టిగా కొట్టరాదు.

పైపును ఇన్సులేషనుతో సహా 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపులో తొడిగి పాతడం మరింత మంచిది. వేడినీరు పీవీసీకి తగలదు కనుక అక్కడ దానివలన భయం లేదు. తొడుగు రెండు కొసలు చాంబర్లలోకి రావాలి. లోపలి పైపు కారితే నీరు తొడుగువెంట జారి చాంబరులో కనబడుతుంది. మట్టిలోకి పోదు, దాగదు. రెండు కొసలను పందికొక్కులు దూరకుండా జాలీతో మూయాలి.

పాత జాయింటు భూమిలో ఉండక తప్పకపోతే

ఉన్న లైనును పూర్తిగా మార్చడానికి వెంటనే సొమ్ము లేని సంఘాలు కనీసం ఈ పని చేయించాలి. నీరు ఆపి, చల్లారిన తరువాత జాయింటు తవ్వి బయటపెట్టాలి. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద ఏది చుట్టినా నిలవదు. తుప్పు లోతుగా తిని ఉంటే చుట్టడం దండగ, ఆ ముక్కనే మార్చాలి.

ఆరిన తరువాత తుప్పు నివారించే ప్రైమరు వేసి, వేడిని తట్టుకొనే రక్షణ పట్టీని సగానికి సగం మీద పడేటట్లు చుట్టాలి. జాయింటుకు రెండు వైపులా అరడుగు దాకా పోవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. చల్లనీటి పైపులకు వేసినట్లు మామూలు తారు పూసి వదిలేస్తే, వేడినీరు వచ్చినప్పుడు ఆ తారు మెత్తబడి జారిపోతుంది. పట్టీ కొనేటప్పుడు ఎన్ని డిగ్రీలకు పనిచేస్తుందో అడిగి, 80 డిగ్రీలు తట్టుకొనేదే తీసుకోవాలి.

పట్టీ మీద నల్లని రబ్బరు నురుగు గొట్టం తొడగాలి. అది నీరు పీల్చదు. దాని కోతలను, కొసలను జిగురుతో మూయాలి. థర్మోకోలు వేడినీటి పైపుకు పనికిరాదు, వేడికి ముడుచుకుపోతుంది. అన్నిటికంటే పైన నీరు దిగని ప్లాస్టిక్ కవరు చుట్టి ఇసుకలో ఉంచాలి. ఆ చోట పైన చిన్న చాంబరు కట్టించగలిగితే ఈ శ్రమకు సార్థకత వస్తుంది.

పూడ్చకముందు పరీక్ష

మేస్త్రీ పని ముగించుకొని తొందరపడినా సరే, పరీక్ష చేయకుండా కందకం పూడ్చనివ్వరాదు. లైనును బాయిలరు నుంచి, సోలార్ ట్యాంకు నుంచి విడదీసి, గాలి పోయేటట్లు నీరు నింపి, చేతి పంపుతో పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించాలి. విడదీయకుండా ఒత్తిడి ఎక్కిస్తే సోలార్ ట్యాంకు పగిలిపోవచ్చును. ముల్లు కదలకుండా ఒక గంట నిలవాలి. తరువాత లైను కలిపి, కనీసం రెండు రోజులు రెండు పూటలా వేడినీరు పోనివ్వాలి. చల్లగా ఉన్నప్పుడు కారని జాయింటు వేడెక్కి చల్లారిన తరువాత కారవచ్చును. ప్రతి జాయింటు కింద పాత వార్తాపత్రిక ముక్క పరచి చూడండి. ఒక్క చుక్క పడినా కాగితం చెప్పేస్తుంది.

పూడ్చేముందు టేపు పెట్టి, గోడ మూలనుంచి ప్రతి జాయింటుకు ఎన్ని అడుగులో కొలిచి సంఘం రిజిస్టరులో పటం గీయాలి. కార్యదర్శి సెల్‌ఫోనులో ఫొటోలు తీసి ఉంచితే ఇంకా మంచిది. అదే పటం పాలగది గోడమీద కూడా ఉండాలి. కార్యదర్శులు మారుతారు, మేస్త్రీలు ఊరు విడిచి వెళతారు. గోడమీద పటం ఉంటే పది సంవత్సరాల తరువాత వచ్చినవారు కూడా ఆవరణ అంతా తవ్వనవసరం లేదు.

నెలకొక్కసారి చేయవలసిన మూడు పరీక్షలు

ఒకటి, థర్మామీటరు పరీక్ష. బాయిలరు దగ్గర, పాలగది కుళాయి దగ్గర నీటి వేడి చూసి రాయాలి. పైపులో నిలిచిన చల్లనీరు పోయేదాకా వదిలి అప్పుడు చూడాలి. 25 మిల్లీమీటర్ల పైపు 40 మీటర్లలో సుమారు 23 లీటర్ల నీరు నిలుస్తుందని గుర్తుంచుకోవాలి. కొత్తగా వేసినప్పుడు తేడా ఎంత ఉన్నదో అదే మీ కొలత. ఆ తేడా నెలనెలా పెరుగుతుంటే ఎక్కడో తడి చేరిందని అర్థం.

రెండు, రాత్రి పరీక్ష. సాయంత్రం పని ముగిసి, మంట పూర్తిగా ఆరి, నీరు చల్లబడిన తరువాత కుళాయిలన్నీ కట్టి, పైనుంచి నీరు దిగే వాల్వును మూసి, ట్యాంకు నీటి మట్టాన్ని సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. తెల్లవారి చూడాలి. మట్టం గుర్తుకంటే బాగా దిగితే లైను కారుతున్నట్లే. చూసిన తరువాత వాల్వును తెరిచి, ట్యాంకు నిండినాకనే మంట వేయాలి. ఈ సంగతి మరువరాదు.

మూడు, కంటి పరీక్ష. పైపు దారివెంట నడిచి చూడాలి. మండువేసవిలో ఒక్కచోట గడ్డి పచ్చగా ఉన్నా, నేల కుంగినా, మట్టి గోరువెచ్చగా తగిలినా అనుమానించాలి. చాంబర్లను వానలకు ముందు ఒకసారి, వానల తరువాత ఒకసారి తెరిచి శుభ్రం చేయాలి.

లీకు కనబడితే

ముందుగా మంట ఆర్పాలి. సోలార్ అయితే వాల్వు మూయాలి. పైపు చల్లారేవరకు తవ్వరాదు. వేడినీరు నిండిన బురదలో చెయ్యి, కాలు పెట్టి కాల్చుకునే ప్రమాదం ఉన్నది. బాయిలరు, సోలార్ ట్యాంకులకు పైన ఉండే గాలి గొట్టాన్ని కారుతున్నదని చెప్పి ఎవరూ మూయరాదు. అది మూస్తే పెద్ద ప్రమాదం. ఆవిరి బాయిలరు, ఆవిరి పైపులు ఉన్న కేంద్రాలకు ఈ వ్యాసం వర్తించదు. ఆ పని అర్హతగల వారితోనే చేయించాలి.

సైకిల్ ట్యూబు చుట్టి, తీగ కట్టి మళ్లీ మట్టి కప్పడం మనకు అలవాటు. ఆ పూట పాలు నిలబడడానికి అది అవసరమైతే చేయండి, తప్పులేదు. కాని మట్టి కప్పవద్దు. గొయ్యి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టి, శాశ్వత మరమ్మతు ఏ తేదీలోపల చేయాలో రిజిస్టరులో రాయండి. కప్పిన మరమ్మతు జరిగిపోయినట్లే అందరూ అనుకుంటారు.

ఈ లోపల నీటి వేడి చాలకపోతే పాలగదిలోనే విడిగా నీరు కాచి ట్యాంకు కడగాలి. వేడి లేని నీటితో కడిగి పాలు పోయించుకోవడం కంటే అరగంట ఆలస్యమే మేలు.

సభ్యులకు మనవి

పైపులు, జాయింట్లు మేస్త్రీ వ్యవహారమని సభ్యులు అనుకోవచ్చును. అయితే నష్టం వచ్చినప్పుడు కోత పడేది సభ్యుల బిల్లులోనే. అందువలన సర్వసభ్య సమావేశంలో పాలకవర్గాన్ని ఈ మూడు ప్రశ్నలు అడగవలసిందిగా కోరుతున్నాము. మన వేడినీటి పైపు ఏ దారిన వస్తున్నది? దానికి భూమిలో ఎన్ని జాయింట్లు ఉన్నవి? కిందటి నెల బాయిలరు దగ్గర, కుళాయి దగ్గర వేడి ఎంతెంత ఉన్నది? మూడింటికీ రిజిస్టరు చూసి జవాబు చెప్పగలిగిన సంఘం చింతించనక్కరలేదు. చెప్పలేని సంఘం వెంటనే ఒక థర్మామీటరు, ఒక సుద్దముక్క తీసుకొని పని మొదలుపెట్టవచ్చును. అందుకు పెద్ద ఖర్చేమీ లేదు.

పాలు చెడినప్పుడు ముందుగా మనుషులను అనుమానించవద్దని కూడా మనవి చేస్తున్నాము. కడిగేవారి చేతికి తగినంత వేడినీరు అందుతున్నదా అని ముందు చూడండి. మేము చెప్పిన సంఘంలో ఆనాడు థర్మామీటరు పెట్టి చూసి ఉంటే ఒక కూలీమనిషికి ఆ నింద వచ్చేది కాదు, సభ్యులకు ఆ కోత పడేది కాదు. ఇప్పుడు అక్కడ ఎల్బో ఉన్నచోట చాంబరు ఉన్నది. ప్రతి నెల మొదటి రోజున మూత ఎత్తి చూసి, రెండు చోట్లా వేడి కొలిచి, రిజిస్టరులో రాసే పనిని పాలకవర్గం ఆమెకే అప్పగించింది.